గులాబీ ఆకు కత్తిరించింది ఎవరు?

ఇంటి ముందు నాలుగు పూలకుండీలు పెట్టుకుని వాటిని చూసుకుని సంతోషించే తల్లులకు, అక్కచెల్లెళ్లకు ఒక మాట చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అది పురుగుల గురించిన మాటే. కాని అందులో నా తప్పు ఒకటి కలిసి ఉంది. తప్పు దాచిపెట్టి పురుగుల సంగతి మాత్రమే చెబితే సగం చెప్పినట్టే అవుతుంది. అందుకని రెండూ చెబుతాను.

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. చుట్టూ పత్తి, మిరప చేలు. చాలా ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి 2018లో రిటైరయ్యాను. మావారు వ్యవసాయం చూసుకుంటారు. పిల్లలు ఉద్యోగాల మీద దూరాన ఉన్నారు. చేతికి పని లేక కుండీలు మొదలుపెట్టాను. కడియం నర్సరీల నుంచి తెచ్చిన గులాబీలు అయిదు, మందారాలు మూడు, మల్లె, కనకాంబరం, చామంతి, బంతి - ఇలా ముప్పై దాకా అయ్యాయి. అన్నీ కొన్న కుండీలు కావు. సగం పాత రంగు డబ్బాలు, పగిలిన బానలు.

మా పక్కింట్లో ఒక చిన్నపిల్ల ఉంది. అప్పుడు మూడో తరగతి. తల్లి మిరపకాయల కోతకో, పత్తి తీతకో కూలికి వెళ్తే, బడి నుంచి వచ్చిన పిల్ల చీకటి పడేదాకా మా అరుగు మీదే ఉండేది. నన్ను 'అమ్మమ్మా' అని పిలిచేది. చెంబుతో ఒక్కొక్క కుండీకి నీళ్లు పోసి, ఏ మొక్కకు ఎన్ని మొగ్గలు వచ్చాయో లెక్క చెప్పేది. ఆ లెక్క తప్పితే నాకంటే తనే ఎక్కువ బాధపడేది.

2022 ఆగస్టులో ఒక ఉదయం చూస్తే, ఎర్రగులాబీ ఆకుల అంచులు కత్తిరించి ఉన్నాయి. పురుగు కొరికినట్టు చిందరవందరగా లేవు. అర్ధచంద్రాకారంలో, కత్తెరతో కోసినట్టు నున్నగా ఉన్నాయి. మర్నాడు ఇంకొన్ని. మూడోనాటికి ఆ మొక్కకు మంచి ఆకు కరువైంది. పురుగు కోసం వెతికాను. ఒక్కటీ కనబడలేదు.

ఆ వారమే బడిలో రంగు కాగితాలు కత్తిరించి అంటించే పని ఇచ్చారట. పిల్ల సంచిలో చిన్న కత్తెర ఉంది. అది నా కంటబడింది. ఇంకేముంది, నా మనసులో తీర్పు అయిపోయింది. సాయంత్రం తల్లి పని నుంచి రాగానే పిలిచి, "చూడమ్మాయ్, నీ కూతురు నా మొక్కలన్నీ ఎలా కత్తిరించిందో" అన్నాను. "నేను కాదమ్మమ్మా, నేను కాదు" అని పిల్ల ఏడ్చింది. పాతికమంది పిల్లల మధ్య ఎవరు అబద్ధం చెబుతున్నారో ముఖం చూసి పట్టేయగలనని నాకు గర్వం. ఆ పూట ఆ ముఖం సరిగ్గా చూడనేలేదు. తల్లి నన్ను ఏమీ అనలేక, "తప్పయిపోయింది టీచరుగారూ" అని పిల్లను నాలుగు దెబ్బలు వేసి తీసుకుపోయింది. మర్నాటి నుంచి పిల్ల మా గడప తొక్కలేదు.

పిల్ల రాలేదు గాని ఆకులు తెగడం ఆగలేదు. అప్పుడైనా నేను ఆలోచించాల్సింది. ఆలోచించకపోగా, పిల్ల నేను చూడనప్పుడు వస్తోందని అనుకున్నాను. ఇంతలో మందారం కొమ్మల మీద తెల్లగా దూదిలాంటిది పట్టింది. చామంతి చిగుళ్లు జిగురుగా తయారై చీమలు బారులు కట్టాయి. బంతి ఆకులు రాత్రికి రాత్రి జల్లెడలయ్యాయి. మావారు చూసి, "ఇంత దిగులెందుకు, పత్తికి కొట్టిన మందు మిగిలింది, ఒక్కసారి కొడితే సరి" అన్నారు. కొట్టంలో చూరుకింద ఉన్న సీసా తీశారు. దాని మీద కాగితం చిరిగిపోయి పేరు కూడా సరిగా కనబడడం లేదు. కొలత లేదు, పాడు లేదు. చేతిపంపులో పోసి అన్ని కుండీల మీదా కొట్టారు. ఆ రాత్రి వాసనకు వాకిట్లో కూర్చోలేకపోయాం. తెల్లారి చూస్తే కుండీ అంచుల మీద రెండు మూడు తేనెటీగలు చచ్చిపడి ఉన్నాయి. వాటి సంగతి నాకు పట్టలేదు. పురుగు పోయిందనే సంతోషమే ఎక్కువ.

పది పదిహేను రోజులు గడిచాయి. మందారం మీద తెలుపు మొదటికంటే రెట్టింపయింది.

సెప్టెంబరులో మా తమ్ముడు చూడవచ్చాడు. వాడు వ్యవసాయశాఖలో పనిచేసి రిటైరయ్యాడు. కాఫీ గ్లాసు పట్టుకుని కుండీల దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "అక్కా, ఎవరు తిన్నారో చూశావా?" అని అడిగాడు.

"చూసేదేముందిరా, అన్నిటికీ మందు కొట్టించాం" అన్నాను.

"దొంగ ఎవరో తెలియకుండానే ఊరందరికీ శిక్ష వేశావన్నమాట" అన్నాడు. వాడు నవ్వుతూనే అన్నాడు గాని నా గుండెలో ముల్లు గుచ్చినట్టయింది.

గులాబీ సంగతి చూపించి, పక్కింటి పిల్ల పని అని చెప్పాను. వాడు ఒక ఆకు తెంపి చూసి, "రేపు ఎండెక్కాక ఇక్కడ ఇద్దరం కూర్చుందాం" అన్నాడు. మర్నాడు పది దాటాక అరుగు మీద కూర్చున్నాం. కాసేపటికి తేనెటీగలాంటిది ఒకటి వచ్చి గులాబీ ఆకు అంచున వాలింది. నేను పది అంకెలు లెక్కపెట్టేలోగా ఆకును గుండ్రంగా కోసేసి, ఆ ముక్కను పొట్ట కింద పట్టుకుని ఎగిరి, మా కొట్టం పైకప్పులోని వెదురు బొంగు బెజ్జంలోకి దూరింది. మళ్లీ వచ్చింది. మళ్లీ కోసింది.

అది ఆకులు కత్తిరించే ఒక రకం తేనెటీగ అట. మామూలు తేనెటీగల్లా పట్టు పెట్టదు. ఒక్కతే ఉంటుంది. ఆకు ముక్కలతో బెజ్జంలో చిన్న చిన్న అరలు కట్టి, ఒక్కో అరలో పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద పెట్టి, దాని మీద ఒక గుడ్డు పెట్టి మూసేస్తుంది. ఆకును తినదు. పైగా పూలకు పరాగసంపర్కం చేసి మేలు చేస్తుంది. కొద్ది రోజుల్లో గూడు పని అయిపోతే పోతుంది. నాలుగు ఆకులు పోయినంత మాత్రాన గులాబీకి ఏమీ కాదు. మందు అసలే అక్కర్లేదు.

తమ్ముడు ఇవన్నీ చెబుతూనే ఉన్నాడు. నాకు మాత్రం ఆ పిల్ల ముఖమే కనబడుతోంది.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తల్లి కంగారుపడి పీట వేయబోయింది. నిలబడే చెప్పాను: "ఆకులు కోసింది నీ కూతురు కాదమ్మా. ఒక ఈగ. నా కళ్లతో చూశాను. చూడకుండా మాట అన్నాను. నీ చేత కొట్టించాను. తప్పు నాది." పిల్ల తల్లి కొంగు చాటున నిలబడి వింది, ఒక్క మాటా మాట్లాడలేదు. మర్నాడు రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. క్షమించమని పెద్దవాళ్లు అడగగానే మరిచిపోవడానికి పిల్లల మనసు పలక కాదు. మూడో రోజు గేటు దగ్గర నిలబడి, "ఆ ఈగ ఇంకా వస్తోందా అమ్మమ్మా?" అని అడిగింది. ఇద్దరం కూర్చుని చూశాం. అది ఆకు కోస్తుంటే పిల్ల ఊపిరి బిగబట్టింది. ఎగిరిపోయాక, "దానికి కత్తెర ఎవరిచ్చారు?" అంది.

ఆనాటి నుంచి మా ఇద్దరికీ ఒక నియమం. ఏ మొక్క పాడైనా, ముందు ఎవరు చేశారో చూడాలి, తర్వాతే చెయ్యి వెయ్యాలి. అలా చూసి నేర్చుకున్నవి, తమ్ముడు చెప్పినవి మీకోసం రాస్తున్నాను.

మొదట చూడాల్సింది, మొక్కను నమిలారా, పీల్చారా అని. ఆకుకు బెజ్జాలు, కొరుకుళ్లు ఉంటే అది నమిలేవాళ్ల పని. ఆకు ముడుచుకుని, పసుపెక్కి, జిగురుగా ఉంటే అది రసం పీల్చేవాళ్ల పని. ఇద్దరికీ ఒకే వైద్యం పనికిరాదు.

మా బంతిని జల్లెడ చేసింది పొగాకు లద్దెపురుగు. పగలంతా వెతికినా దొరకదు. ఎందుకంటే పగలు కుండీ మట్టిలో, రాలిన ఆకుల కింద దాక్కుంటుంది. రాత్రి ఎనిమిది దాటాక టార్చిలైటు వేసి చూడండి, ఆకు మీదే ఉంటుంది. పగలు కనబడే గుర్తు ఒకటుంది - ఆకుల మీద, కుండీ అంచున నల్లటి రెట్ట గింజలు. అవి కనబడితే పురుగు పైనో కిందో ఉన్నట్టే. దీని తల్లి ఆకు అడుగున గుడ్లన్నీ ఒకేచోట కుప్పగా పెట్టి, పైన గోధుమరంగు నూగు కప్పుతుంది. ఒక్కో కుప్పలో రెండు మూడు వందల గుడ్లుంటాయి. ఆ ఒక్క ఆకు తెంపి నలిపేస్తే, రాబోయే రెండు మూడు వందల పురుగుల్ని ఆపినట్టే. పిల్లపురుగులు కూడా మొదట్లో ఒకే ఆకు మీద గుంపుగా ఉండి, పచ్చదనం గీకి తింటాయి. ఆ ఆకు దూరానికి తెల్లగా జల్లెడలా కనబడుతుంది. అప్పుడే తీసేయాలి. పెద్దవైతే చెదిరిపోతాయి.

గులాబీ మొగ్గకు గుండ్రటి బెజ్జం ఉండి, లోపల తల దూర్చి సగం శరీరం బయట ఉంచి తింటున్న పురుగు కనబడితే అది శనగపచ్చ పురుగు. పత్తి రైతులకు బాగా తెలిసిన శత్రువే. బెజ్జం పడ్డ మొగ్గను తెంపి పురుగుతో సహా సబ్బునీళ్లలో వేయాలి. మల్లెకు మొగ్గ తొలిచే పురుగు వేరే ఉంది. పక్కపక్క మొగ్గల్ని గూడు దారంతో అల్లేస్తుంది. ఆ మొగ్గలు ఊదారంగుకు తిరిగి రాలిపోతాయి. అల్లుకున్న గుత్తిని అలాగే గిల్లి తీసేయాలి.

తొలకరి వానలు పడ్డాక రాత్రిళ్లు పెంకుపురుగులు వచ్చి గులాబీ ఆకుల్ని చుట్టూరా తింటాయి. దీపాల దగ్గర చప్పుడు చేస్తూ పడేవి ఇవే. వీటి పిల్లలు మట్టిలో ఉంటాయి. తెల్లగా, లావుగా, వంకీలా వంగి ఉండి వేళ్లను కొరుకుతాయి. నీళ్లు పోసినా మొక్క వాడిపోతుంటే మట్టి తిరగేసి చూడండి. పచ్చి పేడ కుండీలో వేస్తే ఇవి ఎక్కువవుతాయి. బాగా చివికిన ఎరువే వేయాలి.

ముసురు రోజుల్లో ఆకులకు పెద్ద పెద్ద కంతలు పడి, కుండీ మీద వెండితీగలాంటి మెరుపు గీత కనబడితే అది నత్త నడిచిన దారి. సాయంత్రం తడి గోనెపట్టా కుండీల మధ్య పరచండి. తెల్లారేసరికి నత్తలు దాని కింద చేరతాయి, ఏరివేయవచ్చు. నత్త మీద ఉప్పు చల్లే అలవాటు కొందరికి ఉంది. కుండీలో మాత్రం చల్లకండి. నత్తతోపాటు మొక్క కూడా పోతుంది.

ఇక రసం పీల్చేవి. చామంతి చిగుళ్లకు పట్టింది పేనుబంక. పేలలా గుంపులు గుంపులుగా ఉంటాయి. మగవాటితో పనిలేకుండానే పిల్లల్ని కంటాయి కాబట్టి వారం పది రోజుల్లో కొమ్మంతా నిండుతుంది. అవి విడిచే తియ్యటి జిగురు కోసమే చీమలు వస్తాయి. ఆ జిగురు మీద నల్లటి మసి పడుతుంది. చీమలు చామంతిని తినడం లేదు. కాని పేనుబంకను కాపలా కాస్తున్నాయి. చీమల బారు కనబడితే కొమ్మ చివరిదాకా వెంట వెళ్లి చూడండి, అసలు దొంగ అక్కడ ఉంటుంది. దీనికి మందుకంటే ముందు నీళ్లు. రెండు మూడు రోజులు ఉదయంపూట ఆకుల అడుగున తగిలేలా గట్టిగా నీళ్లు చిమ్మితే చాలావరకు రాలిపోతాయి. యూరియా ఎక్కువ వేసిన లేత మొక్కకే పేనుబంక తొందరగా పడుతుందని కూడా గుర్తుంచుకోండి. మా చామంతికి జరిగింది అదే.

ఎండాకాలంలో ఆకు మీద సన్నటి తెల్లచుక్కలు పడి, అడుగున సాలెగూడులాంటి దారాలుంటే ఎర్రనల్లి. దానికి కూడా నీళ్లు చిమ్మడమే మొదటి వైద్యం. గులాబీ రేకుల అంచులు మాడినట్టయి మొగ్గ విచ్చుకోకపోతే తామర పురుగు. కంటికి ఆనదు. తెల్లకాగితం మీద పువ్వును దులిపితే సన్నటి గీతల్లా పాకుతాయి.

మందారం మీది దూది పిండినల్లి. ఇక్కడ నేను చేసిన రెండో తప్పు చెప్పాలి. మందు కొట్టకముందు ఆ తెలుపులో కొన్ని పురుగులు మిగతావాటికంటే పెద్దవిగా, ఒళ్లంతా తెల్లటి పీచులతో చురుగ్గా తిరుగుతుండేవి. ఇవే తల్లులు కాబోలనుకుని ముందు వాటినే ఏరి నలిపాను. తమ్ముడు విని తల పట్టుకున్నాడు. అవి పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు పిల్లలట. తాము తినేవాటిలాగే తెల్లటి వేషం వేసుకుని వాటి మధ్యే ఉంటాయి. అలాంటి ఒక రకాన్ని 1898లో ఆస్ట్రేలియా నుంచి ప్రత్యేకంగా మన దేశానికి తెప్పించారు. "దొంగల్ని వదిలి పోలీసుల్ని చంపావక్కా" అన్నాడు. తర్వాత కొట్టిన విషం కూడా మిగిలిన మిత్రపురుగుల్నే ముందు చంపింది. పిండినల్లికి ఒంటి మీద మైనం పూత ఉంటుంది, మందు సరిగా అంటదు. అందుకే పదిహేను రోజుల్లో రెట్టింపయింది. గుర్తు ఏమిటంటే, పిండినల్లి కదిలీ కదలనట్టు ఒకేచోట అతుక్కుని ఉంటుంది. తినడానికి వచ్చినది చురుగ్గా తిరుగుతుంది. తిరిగేదాన్ని వదిలిపెట్టండి. బాగా పట్టిన కొమ్మను కత్తిరించి కాల్చేయండి. కొద్దిగా ఉంటే స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడిచేయండి.

ఏరినా, కడిగినా తగ్గకపోతే వేప ఉంది. మన ఊళ్లలో వేపచెట్టు లేని వీధి లేదు. రాలిన పండ్లు ఏరి, గుజ్జు కడిగి, గింజలు నీడన ఆరబెట్టి దాచుకోండి. లీటరు నీళ్లకు యాభై గ్రాముల గింజలపప్పు పొడి చొప్పున రాత్రంతా నానబెట్టి, ఉదయం గుడ్డలో వడకట్టి, చిటికెడు సబ్బుపొడి కలపండి. అంత ఓపిక లేకపోతే లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి గిలకొట్టినా సరే. ముందు ఒక కొమ్మ మీద కొట్టి, రెండు రోజులు ఆకు మాడలేదని చూసుకున్నాకే మిగతావాటికి కొట్టండి. ఎప్పుడైనా సాయంత్రమే కొట్టాలి. ఎండలో వేప బలం పోతుంది, ఆకు మాడుతుంది. సాయంత్రానికి తేనెటీగలు కూడా గూళ్లకు చేరతాయి. వారానికొకసారి, ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. వేప మందు పురుగును అక్కడికక్కడే పడగొట్టదు. తిండి మాన్పిస్తుంది, ఎదగనివ్వదు. కాబట్టి మర్నాడే ఫలితం చూడకండి.

ఒక్క హెచ్చరిక మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను. చేలో కొట్టే మందు వాకిట్లోకి తేకండి. మిగిలిన మందును ఇంకో సీసాలో పోసి దాచకండి, ఖాళీ డబ్బాను కడిగి వాడుకోకండి. 2013లో బీహారులోని సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని ఇరవైముగ్గురు పిల్లలు చనిపోయారు. ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిందని పరీక్షలో తేలింది. మా పల్లెల్లో పత్తి రైతుల నోట నలిగిన పేరే అది. మా కొట్టంలో సీసా మీద ఏ పేరు ఉండేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మందు కొట్టిన రోజుల్లో పిల్ల మా అరుగు మీద ఉండి ఉంటే, చెంబుతో నీళ్లు పోసి ఆ చేతులతోనే అన్నం తినేది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. నేను వేసిన నిందే పిల్లను ఆ విషానికి దూరంగా ఉంచిందని చెప్పుకుని తృప్తిపడలేను. అందులో నా మంచితనం ఏమీ లేదు.

ఇప్పుడు మా కుండీల్లో పురుగులు లేవా అంటే, ఉన్నాయి. ఆకులు తెగుతూనే ఉంటాయి. పది ఆకుల్లో ఒకటి పోతే పోనివ్వడం నేర్చుకున్నాం. ఆ తినేవాటిని తినడానికి అక్షింతల పురుగులు, సాలెపురుగులు, పిచ్చుకలు వస్తున్నాయి. అన్నిటినీ చంపేస్తే అవెందుకు వస్తాయి?

పక్కింటి పిల్ల పెద్దదయింది. మొగ్గల లెక్క ఇప్పటికీ తనదే. మొన్న సాయంత్రం కొత్తగా తెచ్చిన తెల్లగులాబీ చిగురు విరిగి వేలాడుతుంటే చూసి, "ఇదెవరి పనో..." అని నేను అనబోయేలోగా, "ఆగండి అమ్మమ్మా, ముందు చూద్దాం" అని టార్చిలైటు తేవడానికి లోపలికి పరుగెత్తింది.